ఎడమ ముందు చక్రం

ఈలీ ఊరు దాటి పావుగంట అయిందో లేదో, మార్వా ఆ అంకెను గమనించింది. స్టీరింగుకు ఎడమ పక్క, అద్దం అంచున అంటించిన చిన్న తెరలో బండి ఆరు చక్రాల గాలీ ఆరు అంకెలుగా కనిపిస్తుంది. పొద్దున అన్నీ డెబ్బై అయిదు పాయింట్లు. రోడ్డెక్కి వేడెక్కాక అయిదు చక్రాలు ఎనభై రెండుకో, మూడుకో ఎగబాకాయి. ఆరోది, సరిగ్గా ఆమె కాళ్ళ ముందు తిరుగుతున్న ఎడమ ముందు చక్రం, డెబ్బై నాలుగు దగ్గర ఉండిపోయింది.

వేడికి గాలి పెరగాలి. పెరగలేదంటే ఎక్కడో పోతోందన్నమాట. ఈ సంగతి ఆమెకు చెప్పింది వెండెలే.

అతను పక్క సీట్లో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. మార్చి నెలలో పెరట్లో నిచ్చెన సర్దుతుండగా అతనికి స్ట్రోకు వచ్చింది. కాళ్ళూ చేతులూ నిలబడ్డాయి కానీ ఎడమవైపు చూపు పోయింది. భార్య ముఖం చూడాలంటే మెడ మొత్తం తిప్పాలి. ఇక జన్మలో బండి నడపకూడదని డాక్టరు చెప్పిన రోజు నుంచి నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అయిదో రోజు తాళాలు తెచ్చి భోజనాల బల్ల మీద, మార్వా పళ్ళెం పక్కన పెట్టాడు. "అయితే నువ్వు నేర్చుకో," అన్నాడు.

మార్వా ఇరవై ఎనిమిదేళ్ళు నెబ్రాస్కాలో బడి వంటశాల నడిపిన మనిషి. వందమంది పిల్లలకు గంటలో అన్నం పెట్టమంటే పెడుతుంది. కానీ కారు కంటే పెద్దది ఎన్నడూ నడపలేదు. ముప్పై అడుగుల పొడుగు, లోపల మంచం, పొయ్యి, స్నానాలగది ఉన్న ఆ ఇంటిబండిని పశువుల సంత ఆవరణలో ఆదివారాలు తిప్పి తిప్పి నేర్చుకుంది. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్న బావగారి ఎనభయ్యో పుట్టినరోజుకు, మొదటిసారి ఇంత దూరం, తానే నడిపిస్తోంది.

"ఏంటి, గొంతు పడిపోయిందా? నిన్నంతా పాటలు పాడుతూనే ఉన్నావుగా," అన్నాడు వెండెల్.

"రోడ్డు చూడనీ నన్ను. నువ్వు గింజలు నములుకో."

"చూడు, చూడు. రోడ్డే నిన్ను చూసి జడుసుకుంటోంది."

మామూలుగా అయితే దీనికి ఆమె దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉండేవి. ఇవాళ నవ్వి ఊరుకుంది. తెర అతనికి కనిపించని వైపు ఉంది. చెబితే కంగారు పడతాడు, రక్తపోటు పెరుగుతుంది, మార్చి నెల మళ్ళీ వస్తుంది. ఒక్క పాయింటే కదా, తెరే తప్పు చూపిస్తోందేమో అనుకుంది. డెబ్బై మూడు అయింది. ముర్రీ కనుమ ఎక్కి దిగి, లోయ అడ్డంగా దాటేటప్పటికి డెబ్బై. ఆ దారిలో ఈలీ తర్వాత నూట అరవై మైళ్ళు పెట్రోలు బంకు ఉండదు, ఫోను పలకదు. రోడ్డు తాడు పరిచినట్టు తిన్నగా పోయి, అవతలి కొండలో దూరుతుంది. పావుగంటకొక బండి ఎదురొస్తే గొప్ప.

రెండో కనుమ ఎక్కుతుంటే స్టీరింగు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. చాలా కొంచెం. చంటిపిల్ల చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగినంత. అరవై ఎనిమిది. అరవై ఆరు. శిఖరం ఇంకో మైలు ఉందనగా తెర కీచుమని అరిచింది.

"ఏమిటది?" అన్నాడు వెండెల్.

"ఫ్రిజ్ తలుపు. సరిగ్గా పడలేదనుకుంటా."

అన్నాక తన నోటిని తానే నమ్మలేకపోయింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో అతనితో ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇంత చేతకాని అబద్ధం ఇదే మొదటిది.

తెర మళ్ళీ అరిచింది. ఈసారి ఆగలేదు.

వెండెల్ నమలడం ఆపాడు. "మార్వా. ఫ్రిజ్ అలా అరవదు. ఏ చక్రం?"

"ముందుది."

"ఏ పక్క?"

"ఎడమ."

అతను గింజల పొట్లం పక్కన పెట్టాడు. వెనక చక్రాలైతే జంటగా ఉంటాయి, ఒకటి పోయినా రెండోది మోస్తుంది. ముందు చక్రానికి తోడు లేదు. ఈ బండికి స్టెప్నీ కూడా లేదు.

శిఖరం మీద కంకర పోసిన విశాలమైన జాగా ఉంది. అక్కడ ఆపింది. దిగితే గాలి చెవుల్లో హోరుమంది, ఎండ మాడు మీద పడింది. ఫోను తీసి చూసింది. ఒక్క గీత కూడా లేదు. వెండెల్ గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కలిపి టైరు చుట్టూ చల్లమన్నాడు. తాను మోకాళ్ళ మీద కూచుని, కనబడే కుడివైపు కంటిని టైరుకు దగ్గరగా పెట్టి వెతికాడు. టైరు లోపలి అంచు దగ్గర చిన్న చిన్న బుడగలు పుట్టి పగులుతున్నాయి. వాటి మధ్య మెరుస్తున్న స్క్రూ తల.

"అదీ దొంగ," అన్నాడు. "ఎప్పట్నుంచి తగ్గుతోంది?"

"ఇప్పుడే."

"ఇప్పుడే అయితే తెరలో అరవై అయిదు ఎలా అయింది? నేను గుడ్డివాణ్ణే గానీ లెక్కలు రానివాణ్ణి కాదు."

మార్వా తల దించుకుంది. "ఊరు దాటినప్పట్నుంచీ. నువ్వు కంగారు పడతావని..."

"ముప్పై ఆరు మైళ్ళు!" అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది. "ఊళ్ళో టైర్ల షాపు ముందునుంచే వచ్చాం కదే మనం. సరేలే. పంపు తీసుకురా. స్క్రూ ముట్టుకోవద్దు. అది ఉన్నంతసేపే ఆ గాలైనా ఉంటుంది."

బ్యాటరీకి తగిలించే చిన్న గాలిపంపు ఉంది. అది గుడగుడమని నడుస్తూ నెమ్మదిగా గాలి ఎక్కించింది. డెబ్బై. డెబ్బై రెండు. వెండెల్ చక్రం పక్కనే కూచుని అంకెలు అడుగుతున్నాడు, ఆమె చెబుతోంది. డెబ్బై నాలుగు దగ్గర అడగడం మానేశాడు.

"వెండెల్? డెబ్బై అయిదు అయింది. ఆపనా?"

"చెంచా ఆపు," అన్నాడు.

"ఏంటీ?"

"చెంచా. ఆ... చెంచా." పంపు వైపు ఎడమచేత్తో చూపిస్తున్నాడు. ముఖంలో విసుగు. తాను సరిగ్గానే చెబుతున్నా ఆమెకే అర్థం కావడం లేదన్నట్టు. నోటి కుడి మూల కొంచెం జారి ఉంది.

మార్వా పంపు మీట నొక్కి ఆపింది. మార్చిలో ఆసుపత్రి నర్సు నేర్పినవి గుర్తుచేసుకుంటూ అతని ముందు కూలబడింది. "వెండెల్, నా వైపు చూసి నవ్వు." సగం నవ్వు వచ్చింది. "రెండు చేతులూ ఎత్తు." రెండూ లేచాయి. కుడిచెయ్యి, ఎవరో సంచీ తగిలించినట్టు, మెల్లమెల్లగా కిందికి దిగిపోయింది. అతను దిగిపోతున్న తన చేతిని చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. అప్పుడు అతనికీ తెలిసింది.

టైము చూసుకుంది. తొమ్మిదీ ఇరవై.

ముందుకు పోతే ఇసుకా, కొండలూ. ఆసుపత్రి వెనక, ఈలీలో. ముప్పై ఆరు మైళ్ళు, మధ్యలో ముర్రీ కనుమ. అరగంటగా ఒక్క బండి ఈ దారిన రాలేదు. ఎదురుచూస్తూ కూచుంటే ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. ఆమె అతని చంకల కింద చేతులేసి లేపింది. అతని కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది. మెట్టు ఎక్కించడానికి వెనకనుంచి భుజంతో నెట్టింది. బెల్టు పెట్టింది. పంపు పీకి లోపల విసిరేసింది. ముప్పై అడుగుల బండిని ఆ జాగాలో మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి తిప్పింది. సంత ఆవరణలో ఇదే పని చేస్తూ రెండు ఇనుప కటకటాలు వంచిన మనిషి.

బండి దిగువకు దొర్లింది. ఇప్పుడు భయం రెండుగా చీలింది. నెమ్మదిగా పోతే పక్క సీట్లో నిమిష నిమిషానికీ అతని మెదడులో ఏదో చచ్చిపోతోంది. వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది, అప్పుడు ఇద్దరూ ఒకేసారి పోతారు. వేగం ముల్లును యాభై దగ్గర పెట్టింది. అది సరైనదో కాదో చెప్పేవాళ్ళు లేరు. చెప్పగలిగిన మనిషి కిటికీకి తల ఆనించి ఊపిరి పీలుస్తున్నాడు.

"మాట్లాడు వెండెల్. నిద్రపోకు. మీ అన్నయ్య పేరేంటి?"

"ఆ... ఆర్..."

"ఆర్విన్. ఊఁ, చెప్పు. మన కుక్క పేరు?"

"బల్ల."

"కాదు. చచ్చిపోయిన కుక్క. మనింట్లో సోఫా అంతా తినేసింది, అది."

అతను నవ్వబోయాడు. అది నవ్వులా లేదు. ఆమె చూపు తిప్పేసుకుంది. డెబ్బై ఒకటి. అరవై ఏడు. పొద్దున గంటలో పోయిన గాలి ఇప్పుడు పది నిమిషాల్లో పోతోంది. రంధ్రం పెద్దదవుతోంది.

లోయ మధ్యలో యాభై రెండుకు దిగింది. స్టీరింగు చేతుల్లోంచి జారిపోతానంటోంది. ఆపక తప్పలేదు. పరుగున దిగి పంపు తగిలించింది. అది గుడగుడలాడుతుంటే నడిరోడ్డు మీద నిలబడి రెండు వైపులా చూసింది. రెండు వైపులా రోడ్డు ఎండలో వణుకుతూ ఖాళీగా ఉంది. "ఎవరైనా రండి," అని గట్టిగా అరిచింది. ఎవరిని పిలుస్తోందో ఆమెకే తెలియదు. అరవై దగ్గర పంపు కాలిన వాసన వేసి ఆగిపోయింది. మీట నొక్కింది, కొట్టింది, తిట్టింది. ఉలకలేదు. ఆరు నిమిషాలు పోయాయి.

మళ్ళీ సీట్లో కూచునేసరికి వెండెల్ మెడ తిప్పి ఆమెనే చూస్తున్నాడు. కళ్ళు మాత్రం పూర్తిగా మేలుకుని ఉన్నాయి. ఏదో చెప్పాలని పెదవులు కూడదీసుకుంటున్నాడు.

"పేలితే," అన్నాడు. ఆ మాట సరిగ్గానే వచ్చింది. "పేలితే... బ్రేకు. బ్రేకు నొక్కు."

మార్వా బండి కదిలిస్తూ ఆగింది. సంత ఆవరణలో అతను పదేపదే చెప్పింది ఇది కాదు. ముందు టైరు పేలితే బ్రేకు ముట్టుకోవద్దు, ఆక్సిలేటరు తొక్కి బండిని తిన్నగా నిలబెట్టు, తర్వాత నెమ్మదించు. ఆనాడు అలా అన్నాడు. తనకు సరిగ్గా గుర్తుందా? లేక తానే తిరగేసి గుర్తుపెట్టుకుందా?

"బ్రేకా? బ్రేకు వద్దన్నావు కదా అప్పుడు?"

"బ్రేకు! బ్రేకు!" అతనికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఎడమచెయ్యి చాచి గాల్లో ముందుకు తోశాడు. మళ్ళీ తోశాడు. ఏదో బరువైన తలుపును అవతలికి నెడుతున్నట్టు. నోరు ఒకటి అంటోంది, చెయ్యి ఇంకొకటి అంటోంది. పంపును చెంచా అన్న నోరు. మార్వా ఆ చేతిని నమ్మాలని నిశ్చయించుకుంది. తప్పయితే సరిదిద్దుకోవడానికి సెకను కూడా ఉండదు.

ముర్రీ కనుమ ఎక్కుతుంటే నలభై ఎనిమిది. శిఖరం దగ్గర నలభై ఒకటి. తెర అరుస్తూనే ఉంది, ఆ అరుపు ఇక ఆమెకు వినిపించడం మానేసింది. దిగుడు మొదలైంది. కుడిపక్క కొండ. ఎడమపక్క, ఎదురు బండ్ల దారి దాటితే, లోయ. చక్రం ఎడమకే లాగుతోంది. ఇప్పుడు చంటిపిల్ల కాదు లాగేది, తాడు పట్టిన ఎద్దు. ఆమె నడుము నుంచి భుజాల దాకా కుడివైపు వాలి పట్టుకుంది. వెనకాల ఎవరో హారను కొడుతున్నారు. అద్దంలో ఎర్ర పికప్ ట్రక్కు. దీపాలు వెలిగిస్తూ ఆర్పుతూ, ఆగమంటోంది.

ఆగుదామని కుడివైపు జాగా వెతికింది. వంపు తిరిగాక కొంచెం వెడల్పు కనిపించింది. ఇంకా రెండు వందల గజాలు ఉండగా టైరు పేలింది.

కాళ్ళ కింద తుపాకీ పేలినట్టయింది. బండి ముందుభాగం ఎడమకు కూలి, ఎదురు దారిలోకి దూసుకుపోయింది. రోడ్డు అంచూ, దాని అవతల ఉత్త ఆకాశమూ అద్దం నిండా వచ్చాయి. ఒంట్లో ఉన్న ప్రతి ఎముకా బ్రేకు నొక్కమంది. కాలు బ్రేకు మీదికి పోయింది కూడా. మళ్ళీ లేచింది. ఆక్సిలేటరు మీద పడి తొక్కింది. బండి గర్జించింది. లోపలి గిన్నెలన్నీ కింద పడ్డాయి. స్టీరింగును రెండు మోచేతులతో కౌగిలించుకున్నట్టు పట్టుకుని, "తిన్నగా, తిన్నగా," అని అరిచింది. ఒక్క క్షణం ఏమీ మారలేదు. తర్వాత ముక్కు కుడికి మళ్ళింది. బండి తిన్నగా అయింది. కాలు కొంచెం కొంచెంగా తీసింది. ఇనుప చట్రం రోడ్డును గీరుతూ, రబ్బరు ముక్కలు కిటికీని కొడుతూ, కొండవైపు కంకర మీదికి వచ్చి ఒరిగి ఆగింది.

తెర కూడా మూగబోయింది. మార్వాకు స్టీరింగు మీంచి చేతులు రాలేదు.

ఎవరో తలుపు తెరిచారు. యాభై ఏళ్ళావిడ, తల మీద గడ్డిటోపీ, చేతులకు పనివాళ్ళ తొడుగులు. "రెండు మైళ్ళ నుంచి హారను కొడుతున్నానమ్మా! టైరు చీలికలై కొట్టుకుంటోంది, చూసుకోవా? అలాంటి చక్రంతో ఈ కొండ ఎవరైనా..."

"మా ఆయనకి స్ట్రోకు వచ్చింది," అంది మార్వా.

ఆవిడ మాట సగంలో ఆపేసింది. మరో ప్రశ్న అడగలేదు. అటువైపు పరుగెత్తి, వెండెల్ బెల్టు విప్పి, గడ్డిమోపు ఎత్తినట్టు అతన్ని ఎత్తుకుంది. ఇద్దరూ కలిసి పికప్‌లో కూచోబెట్టారు. ఆవిడ పేరు రోనెల్, ఆ లోయలో పశువుల్ని పెంచుతుంది. ఇదంతా మార్వాకు తర్వాత తెలిసింది. ఈలీకి మిగిలిన ఆ ఆరు మైళ్ళలో రోనెల్ అన్నది ఒకే మాట. "గట్టిగా పట్టుకోండి అతన్ని, నేను మలుపుల్లో నెమ్మదించను."

ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడు, మాట మాత్రం స్థిరంగా ఉంది. "ఎన్నింటికి మొదలైంది? సరిగ్గా చెప్పాలి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దాటితే మేలు కంటే కీడే ఎక్కువ."

"తొమ్మిదీ ఇరవై," అంది మార్వా. గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. పరవాలేదు, చాలా టైముంది అనుకుంది.

మంచం మీంచి వెండెల్ ఎడమచేత్తో ఆమె చొక్కా పట్టుకుని గుంజాడు. తల అడ్డంగా ఊపాడు. ఏడు వేళ్ళు చూపించబోయాడు, ఒక్క చెయ్యే ఉంది. అయిదు చూపించి, మూసి, రెండు చూపించాడు. తర్వాత చచ్చుబడిన కుడిచేతి వేళ్ళను తడిమి చూపించాడు.

"ఏడింటికా? అప్పుడు మనం టిఫిను తింటున్నాం." ఆమెకు అప్పుడు వెలిగింది. కాఫీ కప్పు ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు తను. "అప్పట్నుంచీ వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయా?"

అతను కళ్ళు మూసుకుని తల ఊపాడు.

డాక్టరు గడియారం చూశాడు. "ఇంకా యాభై నిమిషాలుంది. పదండి," అన్నాడు. మంచాన్ని తోసుకుపోయారు. తలుపులు మూసుకున్నాక మార్వా గోడకు ఆనుకుని అలాగే నేల మీద కూలబడింది. రోనెల్ కూడా పక్కన నేల మీదే కూచుంది.

మందు ఇచ్చాక అతన్ని హెలికాప్టరులో సాల్ట్ లేక్ సిటీ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అందులో ఆమెకు చోటు లేదు. మర్నాడు పొద్దున ఇంటిబండికి ముందు చక్రాలు రెండూ కొత్తవి వేశారు. రోనెల్ తన పికప్‌లో దింపుతానంది. మార్వా వద్దంది. ఆ బండిలోనే వెండెల్ మందులూ బట్టలూ ఉన్నాయి, వెనక్కి ఇల్లు చేరాలన్నా అదే కావాలి. సీట్లో కూచున్నాక పది నిమిషాలు తాళం తిప్పలేకపోయింది. రెండు వందల నలభై మైళ్ళూ గంటకోసారి ఆపి, దిగి, ప్రతి టైరు మీదా అరచెయ్యి ఆనించి చూసుకుంటూ పోయింది. చిన్న గులకరాయి తగిలినా ఒళ్ళు ఝల్లుమనేది.

నాలుగోనాటికి వెండెల్‌కు మాట చాలావరకు తిరిగి వచ్చింది. కొన్ని పేర్లు మాత్రం దొరకడం లేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది మార్వా.

"చెబితే వెనక్కి తిప్పేస్తావని. ఆర్విన్‌కి ఎనభై. మళ్ళీ చూస్తానో లేదో. నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్పానుగా. నువ్వు కంగారు పడతావని."

"ఇద్దరం కలిసి చచ్చేవాళ్ళం. ఒకళ్ళకొకళ్ళం ఇబ్బంది కలిగించకుండా, మర్యాదగా."

ఆమె నవ్వలేదు. మంచం పక్కకు జరిగి, అతని కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలు గట్టిగా నొక్కింది. "తెలుస్తోందా?"

"ఆఁ."

చూపుడువేలు. మధ్యవేలు. ఉంగరంవేలు. తెలుస్తోంది, తెలుస్తోంది, తెలుస్తోంది. చిటికెనవేలు నొక్కింది. అతను కిటికీ వైపు చూశాడు.

"తెలుస్తోంది," అన్నాడు.

"వెండెల్."

ఆమె వేలు వదల్లేదు.

"కొంచెం తక్కువ," అన్నాడు చివరికి. "నిన్నటికంటే కొంచెం తక్కువ."

మార్వా రెండో చేత్తో నర్సును పిలిచే మీట నొక్కింది.